పఠాభిని ఏ లెక్కలో రాద్దాం?



మన పిల్లలెవరైనా బెంగళూరులో కన్నడ నాటకం ఆడినా, కృష్ణగిరిలో తమిళంలో షార్ట్ ఫిల్మ్ తీసినా మన మధ్య ఒక మాట వినిపిస్తుంది: "మనవాడే, కానీ అటు వెళ్లిపోయాడు." ఆ బిడ్డ పేరు అక్కడితో మన లెక్కలోంచి పోతుంది. ఇది సరి కాదని మేమంటాం.

పఠాభి సంగతే చూడండి. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1919లో నెల్లూరులో పుట్టారు. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అచ్చేసి ఛందస్సునే ఆటపట్టించారు. శ్రీశ్రీ దానికి ముందుమాట రాశారు. అదే మనిషి దర్శకుడిగా మొదట తీసింది కన్నడ సినిమా, 1970లో 'సంస్కార'. నవల అనంతమూర్తిది, ముఖ్య పాత్ర గిరీశ్ కర్నాడ్‌ది. చంద్రి వేషం కట్టింది పఠాభి భార్య స్నేహలత. మద్రాస్ ప్లేయర్స్ నాటక బృందాన్ని మొదలుపెట్టినవారిలో ఆమె ఒకరు. అగ్రహారపు ఆచారాలను నిలదీసిందని సెన్సార్ వాళ్లు ఆ సినిమాను మొదట ఆపేశారు. తర్వాత అదే దేశంలో ఉత్తమ చిత్రమైంది. కన్నడానికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

ఎమర్జెన్సీలో స్నేహలతను బెంగళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసం ముదిరి, బయటికొచ్చిన కొద్ది రోజులకే, 1977 జనవరిలో కన్నుమూశారు. లంకేశ్ నాటకం ఆధారంగా పఠాభి తీసిన 'చండమారుత' వచ్చింది కూడా ఆ ఏడాదే.

ఇప్పుడు చెప్పండి, ఆయన తెలుగును వదిలేశారా? పద్యంలో కట్టుబాటును లెక్కచేయని తెగువే సినిమాలోనూ ఉంది. మారింది భాష, మనిషి కాదు.

"అందరూ అటు పోతే తెలుగు రాసేదెవరు?" అని కొందరు పెద్దలు అడుగుతారు. బడుల్లో తెలుగు తగ్గిపోతున్న మన హోసూరులో ఆ బెంగ న్యాయమైనదే. పఠాభికి ముందు తెలుగు గట్టిగా వచ్చు. అందుకే ఇంట్లో అక్షరాలు నేర్పడం మానకూడదు. కానీ వెలివేసిన బిడ్డ మన తెలుగు తరగతికి తిరిగి రాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే ఊరు మనది. ఇక్కడి కళాకారుడు ఒక్క భాషలోనే ఉండాలంటే ఎట్లా?

మా కోరిక ఒక్కటే. రాబోయే సమావేశంలో 'సంస్కార' వేద్దాం. వేరే భాషల్లో నాటకాలు, సినిమాలు చేస్తున్న మన పిల్లలను వేదిక మీదికి పిలిచి, వాళ్ల పని గురించి తెలుగులో మాట్లాడమందాం. తడబడితే తడబడనిద్దాం. ఎవరూ నవ్వకుండా చూసుకుంటే చాలు.