రేడియో విప్పే చెయ్యి

మన పేటలో పిల్లోడు రేడియో విప్పితే "చెడగొట్టావు గదరా" అని నెత్తిన మొట్టేస్తాం. మొట్టే ముందు ఒక సంగతి వినండి.

జెర్రీ లాసన్ 1940లో న్యూయార్క్‌లో పుట్టిన నల్లజాతి బిడ్డ. తండ్రి ఓడరేవు హమాలీ. ఒకటో తరగతి పంతులమ్మ అతని బల్ల దగ్గర నల్లజాతి శాస్త్రవేత్త కార్వర్ బొమ్మ పెట్టి, నువ్వూ ఇట్లా కావచ్చంది. పదమూడేళ్లకే తన గదిలో హామ్ రేడియో స్టేషన్ కట్టుకున్నాడు. ఇళ్లకు పోయి టీవీలు బాగుచేశాడు. కాలేజీకి పోయాడుగానీ డిగ్రీ చేతికి రాలేదు. అయినా 1976లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ తెచ్చిన ఛానల్ ఎఫ్ పనికి నాయకుడు అతనే. టేప్ రికార్డర్లో క్యాసెట్ మార్చినట్టు కార్ట్‌రిడ్జ్ మార్చి కొత్త ఆట ఆడుకునే మొదటి ఇంటి యంత్రమది. 2011లో చనిపోయాడు.

మరి తోలు పదునుచేసి డప్పు బిగించిన చేతులకు తీగె అతకడం ఒక లెక్కా! చెయ్యి పెట్టనిస్తేగదా తెలిసేది.

మన హాస్టళ్లలో అంబేడ్కర్ పటం ఉండాల్సిందే. దాని కింద ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు, పాడైన రెండు రేడియోలు కూడా కావాలి. సంఘాలు ఈ నెలే వార్డెన్‌కు అర్జీ పెట్టాలి. కంప్యూటరు గదికి తాళమేసి ఉంటే తాళంచెవి కూడా అడగండి.