నియమము తప్పిన మఱునాడు

తెలుగువారు ఆరంభశూరులని లోకము పరిహసించుట చదువరు లెఱిగినదే. ఉగాదినాడో, పుట్టినదినముననో ఒక మంచి నియమమును బూని, పక్షము దినములు తిరుగకమునుపే దానిని విడిచిపెట్టుట మన యిండ్లలో తఱచుగ చూచుచున్న సంగతియే. ఇందులకు సోమరితనమే కారణమని పెద్దలు మందలింతురు. మేము మాత్ర మీ మాట నొప్పుకొనజాలము. సోమరులు నియమమును బూననే పూనరు. పూని విడుచువారిలో పెక్కండ్రకు శ్రద్ధ కొఱవడలేదు, మిక్కుటమైనది. చేసినచో లోపము లేకుండ చేయవలయును, లేనిచో చేయనే కూడదు అను పట్టుదలయే వారి పనిని చెఱచుచున్నది.

ఒక గృహిణిని తలచుకొనుడు. ఆమెకు నలువది యేండ్లు దాటినవి. రక్తములో చక్కెర హెచ్చినదనియు, ప్రతిదినము నడువవలయుననియు వైద్యుడు చెప్పెను. ఆ సాయంకాలమే ఆమె క్రొత్త జోళ్లు కొనెను. తెల్లవారుజామున అయిదు గంటలకు లేచి ముప్పావు గంట నడచుటకు నిశ్చయించుకొనెను. మొదటి తేదీ మొదలు పండ్రెండు దినములు నియమము చక్కగా సాగినది. పదుమూడవనాడు పిల్లవానికి జ్వరము. పదునాలుగవనాడు చుట్టములు. పదునైదవనాడు మెలకువ వచ్చుసరికి ఆఱు గంటలైనది. “ఇక నేమి నడక! వచ్చు నెల మొదటి తేదీనుండి సరిగా ఆరంభింతును” అని యామె జోళ్లను గూటిలో పెట్టెను.

ఇప్పుడు లెక్క చూడుడు. జ్వరమువలనను, చుట్టములవలనను పోయినవి రెండు దినములే. సరియైన ఆరంభముకొఱకు ఆమె చేజేతుల వదలుకొన్నది సగము నెల. ఒకటవ తేదీకై ఆమె కాచుకొనగలదు గాని రక్తములోని చక్కెర కాచుకొనదు గదా!

నిండ మునిగినవానికి చలి యేమి అని మనలో నొక సామెత కలదు. ఈ మనఃస్థితిని శాస్త్రజ్ఞులును పరీక్షించి చూచిరి. 1975లో హెర్మన్, మాక్ అను నిద్దఱు పరిశోధకులు కొందఱు విద్యార్థినులకు ముందుగా తియ్యని పాలపానీయ మిచ్చి, పిదప ఐస్‌క్రీము ఎంత కావలసిన నంత తినుడనిరి. తిండిపై నియమము లేనివారు, కడుపులో పానీయ మున్నది గనుక, తక్కువగా తినిరి. నియమముతో నోరు కట్టుకొన్నవారిలో మాత్రము పానీయము త్రాగనివారికంటె త్రాగినవారే ఎక్కువ తినిరి. నియమ మెట్లును తప్పినది, ఇక నెంత తప్పిననేమి యను భావమే ఇందులకు కారణమని తలచిరి.

క్రొత్త యలవాటు వేరూనువఱకు ఒక్కనాడైనను తప్పరాదని 1890లో అమెరికా దేశపు తత్త్వవేత్త విలియం జేమ్సు వ్రాసెను. దారపుండ చుట్టుచుండగా ఒక్కమాఱు చేజాఱినచో ఎన్నో చుట్లు విడిపోవునని ఆయన పోలిక. ఇరువదియొక్క దినములలో అలవాటు స్థిరపడునను మాటయు నేడు విరివిగా వినబడుచున్నది. 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అను శస్త్రవైద్యుడు, శస్త్రచికిత్సచే మాఱిన ముఖమునకు రోగి యలవాటుపడుటకు కనీసము 21 దినములు పట్టునని వ్రాసెను. ఆ “కనీసము” అను మాటను లోకము మఱచినది.

లండనులోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పండ్రెండు వారములు గమనించి, 2010లో తమ ఫలితములను ప్రకటించిరి. దినమున కొక చిన్న పని యలవాటగుటకు నడిమి లెక్కను 66 దినములు పట్టినవి. ఒకరికి 18 దినములే చాలగా, మఱియొకరికి 254 దినములు పట్టునని గణించిరి. ఒక్కనాడు తప్పుటవలన అలవాటు కుదురుకొనుటకు చెప్పదగినంత విఘాతము కలుగలేదని వారు కనుగొనుట మనకు ముఖ్యము. దారపుండ చేజాఱినను మన మనుకొన్నంతగా విడిపోదన్నమాట. అయితే మాటిమాటికి తప్పినచో అలవాటు కుదురదు.

సోదరీమణులారా, ఈ సంగతి మనకు బొత్తిగా క్రొత్త కాదు. వాకిటి ముగ్గును చూడుడు. ధనుర్మాసమున చుక్కల ముగ్గులు, రథపు ముగ్గులు పెట్టుదుము. తక్కిన దినములలో నాలుగు గీతలతో సరిపుచ్చుదుము. ఇంట చుట్టములున్నను, ఒడలు నలతగా నున్నను ఆ నాలుగు గీతలు పడును. అంతస్తుల యిండ్లలో గడపముందఱ జానెడు చోటైనను చాలును. గీత వంకరపోయినదని మఱునాడు ముగ్గు మానుకొన్న యిల్లాలు లేదు. తెల్లవాఱగనే నిన్నటి వంకర నీళ్లతో కొట్టుకొనిపోవును, క్రొత్త ముగ్గు పడును. ప్రతిదినము రథపు ముగ్గే పెట్టవలయునన్నచో ఎన్ని వాకిళ్లలో ముగ్గు మిగులును?

తక్కిన నియమములకును ఇట్లే రెండు కొలతలు ముందుగనే ఏర్పఱచుకొనుడు. తీఱిక దినమున ముప్పావు గంట నడక. తీఱిక లేనినాడు మేడమీద పది నిమిషములు. ఆ పది నిమిషములు వ్యర్థము కావు. పది నిమిషములు ఎడతెగక సాగిన వ్యాయామమే లెక్కకు వచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ పూర్వము చెప్పుచుండెను. 2020లో ఆ నిబంధనను తొలగించినది. పెద్దలకు వారమునకు 150 నిమిషములు వలయుననుచునే, ఏమియు లేనిదానికంటె కొంచెమైనను మేలని చెప్పినది. జమాఖర్చుల పుస్తకమును పద్దులవారీగా వ్రాయలేని రాత్రి, పాలలెక్క వ్రాయు క్యాలెండరుమీదనే ఆనాటి మొత్తమును గుర్తువేయుడు.

ఇక తప్పిన దినము సంగతి. మఱునాడే మామూలు కొలతతో మొదలుపెట్టుడు. తప్పినదానికి పరిహారముగా రెట్టింపు నడచి కాళ్లు నొప్పించుకొనవలదు. ముహూర్తమును చూడవలదు. ఇంటిలోని తక్కినవారికిని మా విన్నప మొకటి కలదు. కోడలో కూతురో ఒకనాడు నడకకు పోకున్నచో “అప్పుడే ముగిసినదా నీ దీక్ష!” అని నవ్వకుడు. మఱునాడు కదలబోవు కాలును కట్టివేయుట కా యొక్కమాట చాలును.

పనితనము వలదని మా యభిప్రాయము కాదు. ఆవకాయలో ఉప్పు కొలత తప్పినచో జాడీ యంతయు బూజుపట్టును. అచ్చట శ్రద్ధ యెంతైనను తగును. మందుల విషయమున వైద్యుని మాటయే ప్రమాణము. తప్పిన మోతాదును రేపు మనకై మనమే రెట్టించి మ్రింగరాదు. అయితే ఆవకాయ యేటికొకమాఱు పెట్టునది, నడక దినదినము నడచునది. ఒకదాని ధర్మమును మఱియొకదానికి అంటగట్టుటచేతనే చిక్కు వచ్చుచున్నది.

ఇది చదువుచున్న సోదరీమణులలో ఎవరి జోళ్లైనను గూటిలో నున్నచో, ఒకటవ తేదీకై చూడక నేటి సాయంకాలమే వానిని దింపుదురుగాక. పది నిమిషములు చాలును.