అంగడిలో అలోహా

డిసెంబరు సెలవులకు హోనలూలూ వెళ్లిన మిత్రుడొకడు పూలచొక్కా కొని తెచ్చుకుని, అది హవాయి ప్రజల ప్రాచీన వేషమని నాతో వాదానికి దిగాడు. సెలవు సరదాకు కూడా చరిత్ర కావాలా అని ఎద్దేవా చేశాడు. కావాలనే నా మాట.

ఏది ప్రాచీనం? ఆ ప్రజల పాతబట్ట చెట్టునార దంచి చేసిన కాపా. ఈ చొక్కా 1930లలో పుట్టింది. తొలిరోజుల్లో దాని గుడ్డ జపాను కిమోనోలది; ఆ జపాను వాళ్లు చెరకుతోటల కూలికి వచ్చినవాళ్లు. 1893లో అమెరికన్ వర్తకులూ తోటలవారూ రాణి లిలియుఒకలానిని గద్దె దించారు. 1898లో అమెరికా ఆ దీవుల్ని కలిపేసుకుంది. అమ్మకానికి "స్వర్గం" తయారైంది ఆ తరువాతనే! ప్రేమకూ పలకరింపుకూ వాళ్లకున్న ఒక్కమాట "అలోహా". 1936-37లలో ఎలరీ చన్ దాన్ని తన చొక్కాలకు వ్యాపారచిహ్నంగా నమోదు చేయించాడు. చీనా కుటుంబపు దుకాణదారు చన్ ఒక్కణ్ణే తిట్టి లాభంలేదు. రాజ్యాన్నే సరుకు చేసినవారికి మాట ఒక లెక్కా?

తొడగవద్దని నేననను. 1966 నుంచి అక్కడి ఉద్యోగులకు శుక్రవారాల్లో కోటూ టై బాధ తప్పించింది ఈ చొక్కాయే. (అదీ చొక్కాల వర్తకుల పట్టుదలే అనుకోండి.) మిత్రుడి చొక్కా మెడపట్టీ తిప్పి చూశాను. స్వర్గమని ఉంది గాని, కుట్టిన చేతి ఊసు లేదు.