పద్యంలోని సంఖ్యకు పరీక్ష అక్కరలేదా?



పావులూరి మల్లన పేరున ప్రచారంలో ఉన్న చదరంగపు పద్యం మీలో చాలామందికి పరిచితమే. మహావీరాచార్యుని 9వ శతాబ్దపు గణితసారసంగ్రహాన్ని తెనిగించిన కవి మల్లన. మొదటి గడిలో ఒక గింజ, ఆపై గడిగడికీ రెట్టింపు. అరవైనాలుగు గళ్ళలో మొత్తం ఎన్ని? 18446744073709551615. సభలో ఈ పద్యం వినిపించగానే చప్పట్లు మోగుతాయి. వెనువెంటనే మన పూర్వులకు కంప్యూటరు కూడా తెలుసునన్న ప్రకటన వెలువడుతుంది. నా అభ్యంతరం అక్కడే.

ఇరవై అంకెల ఈ సంఖ్య 64 బిట్లలో ఇమిడే గరిష్ఠ పూర్ణసంఖ్య అన్నది నిజమే. గళ్ళూ అరవైనాలుగు, బిట్లూ అరవైనాలుగు, రెండుచోట్లా రెట్టింపే గనుక అట్లా కుదిరింది. ఇందులో భవిష్యవాణి ఏమీ లేదు. ఇదే మొత్తాన్ని క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్‌బిరూనీ కూడా లెక్కగట్టాడు.

మరి భాషాపండితులమైన మనం చేస్తున్నదేమిటి? మన్మథుని శరములు అయిదు, వేదములు నాలుగు, అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుకోవాలి అని ప్రతిపదార్థం చెప్పి పుస్తకం మూసేస్తాం. వచ్చిన సంఖ్య ఎట్టిదని అడగం. నేను పనిచేసిన కాలమంతా తెలుగు తరగతిలో అది చమత్కారం. లెక్కల తరగతిలో దాని ఊసే లేదు.

వానకై ఎదురుచూసే మా యాడికి మెట్టరైతు గింజ విలువ ఎరిగినవాడు. వెయ్యి బియ్యపు గింజలు 25 గ్రాములనుకుంటే పద్యంలోని బియ్యం సుమారు 46,000 కోట్ల టన్నులు. ఆ మాట చెబితే అతడు చప్పట్లు కొట్టడు, అదెట్లా వచ్చిందని నిలదీస్తాడు. పండితసభకు ఆ ప్రశ్న ఎందుకు తోచదు?

మనమే అడుగుదాం. చివర 5 ఉంది గనుక 5 భాగిస్తుంది. అంకెల మొత్తం 87. కాబట్టి 3 భాగిస్తుంది, 9 భాగించదు. ఇంతవరకు ఆరవ తరగతి లెక్క. ఇది 2 యొక్క 64వ ఘాతానికి ఒకటి తక్కువ గనుక, వర్గాల భేద సూత్రాన్ని పదేపదే వర్తింపజేస్తే 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధంగా విడిపోతుంది. ఈ తరహా సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా భావించాడు. 1732లో ఆయిలర్ చివరిదాన్ని 641తో శేషం లేకుండా భాగించి ఆ నమ్మకాన్ని కూల్చాడు, భాగఫలం 6700417. అనగా మన సంఖ్య బేసి, సంయుక్తం, ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాల లబ్ధం. ఒక్కొక్క కారణాంకాన్ని గ్రహించవచ్చు, విడువవచ్చు. మళ్ళీ రెట్టింపే, ఏడుమార్లు. అందుచేత దాని భాజకాలు సరిగ్గా 128.

ఇదంతా రసభంగమంటారా? ఒక్క మాట జారినా వృత్తం కుంటుతుంది. అంకె చెడకుండా మన చేతికి అందాలనే కదా కవి ఛందస్సును కాపలా పెట్టాడు! అందిన సంఖ్యను పరీక్షించక పూజించడం ఆ శ్రమకు గౌరవం కాదు.

ఇకపై ఈ పద్యం చదివేవారు ప్రతిపదార్థంతోపాటు కారణాంకాలూ చెప్పాలి. చేతకాదంటే పక్క గదిలోని లెక్కల మాస్టారిని పిలవాలి.