ఆరుగురి ఆట

వాలీబాలు ఆటను చూడవచ్చిన జనము సాధారణముగా ఒక్కని వైపే చూచుచుందురు. వలకంటె పైకెగిరి బంతిని పిడుగువలె క్రిందికి కొట్టువాడే వారికి వీరుడు. చప్పట్లన్నియు అతనికే. ఆ బంతి అతని చేతికి ఎట్లు వచ్చినదో ఆలోచించువారు అరుదు. ఇది ఆటకు అన్యాయమని నా అభిప్రాయము.

ఈ ఆటను 1895వ సంవత్సరమున అమెరికాలోని హోలియోక్ పట్టణమున విలియం మోర్గన్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించెను. నేటి నియమముల ప్రకారము ఆటస్థలము 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు కలిగియుండును. వల ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. ఒక్కొక్క జట్టున ఆరుగురు ఆడుదురు. వల చెంత ముగ్గురు, వెనుక ముగ్గురు.

వచ్చిన బంతిని మూడు స్పర్శలలోపల తిరిగి పంపవలెను. మొదటివాడు మోకాళ్లు వంచి, రెండు ముంజేతులను జతచేసి, బంతి వేగము నణచి పైకి లేపును. రెండవవాడు సెట్టరు. అతడు వ్రేళ్లకొనలతో బంతిని వల ప్రక్కకు, కొట్టుటకు అనువైన ఎత్తునకు పంపును. మూడవవాడు కొట్టును. మొదటి స్పర్శ చెదరినచో సెట్టరు పరుగిడవలసి వచ్చును. సెట్టరు తడబడినచో ఎంతటి బలశాలియు గాలినే కొట్టును. దున్నినవానిని, నీరు పెట్టినవానిని మరచి, కోత కోసినవానినే మెచ్చుకొనుట న్యాయమా?

ఆట నియమమే ఈ సంగతిని బోధించుచున్నది. ఎదుటి జట్టు చేతినుండి సర్వీసు తమకు వచ్చినపుడెల్ల ఆటగాండ్రు గడియారపు ముల్లు తిరుగు దిశలో ఒక్కొక్క స్థానము జరుగవలెను. వల చెంత ఎగిరినవాడు కొంతసేపటికి వెనుకకు పోయి బంతిని కాచుకొనవలసినవాడే.

పెద్ద జట్లలో ఎవరి పని వారికి ఏర్పడియున్నది కదా యని మీరడుగవచ్చును. నిజమే. పొడగరి వల నడుమ నిలిచి ఎదుటివారి దెబ్బల నడ్డుకొనును. 1998లో అంతర్జాతీయ పోటీలలో లిబరో అను రక్షకుని కూడ ప్రవేశపెట్టిరి. వేరు రంగు చొక్కా ధరించి అతడు వెనుక వరుసలోనే ఆడును. వలకంటె ఎత్తున నున్న బంతిని ఎదుటివైపునకు కొట్టుటకు అతనికి అనుమతి లేదు. అట్టివానికి సైతము ఆటలో గౌరవస్థానము లభించినది గదా!

పెక్కు పాఠశాలలలో ఇందుకు విరుద్ధముగా జరుగుచున్నది. పొడుగు బాలుడు ఏడాది పొడవున కొట్టుచునే యుండును. పొట్టి బాలుడు గీత వెలుపల నిలిచి దూరముగా పోయిన బంతిని తెచ్చి యిచ్చుచుండును. పొడుగువానికి బంతిని ఎత్తుట రాదు. పొట్టివానికి ఆటయే రాదు. ఎనిమిదవ తరగతిలో పొట్టిగా నున్నవాడు పదవ తరగతి నాటికి ఎంత ఎదుగునో ఎవరెరుగుదురు?

కావున ప్రతి బాలుడును, ప్రతి బాలికయు మొదట ఆరు స్థానములందును ఆడి అన్ని పనులను నేర్వవలెను. ఎవరికి ఏది తగునో తరువాత నిర్ణయింపవచ్చును.

విద్యార్థులారా! ఇకమీదట ఆట చూచునపుడు చప్పట్లు కొట్టుటకు ముందు, ఆ బంతిని మొదట లేపిన చేతులెవరివో గమనింపుడు.