వైకుంఠపాళిలో పాపమెవరిది?

ఏ మతమూ పసిపిల్లవాడి దగ్గరకు తర్కంతో రాదు. పాటతో వస్తుంది, ఆటతో వస్తుంది. ప్రశ్నించే వయసు రాకముందే జవాబులు కంఠస్థం చేయించడం అన్ని మతాలకూ తెలిసిన విద్యే. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ పేదపిల్లలకు ఆదివారం బడి పెట్టినప్పుడు అక్షరాలు నేర్పిన పుస్తకం బైబిలే. 1969లో మొదలైన సత్యసాయి బాలవికాస్‌లోనూ శ్లోకం, భజన, కథ, ఆట. దేవుడు మారాడు, పద్ధతి మారలేదు.

మా ఖరగ్‌పూర్ పూరీగేట్‌లో దీనికి ఇంకో కారణం తోడవుతుంది. రైల్వే ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. పిల్లలు వీధిలో హిందీ, బెంగాలీ మాట్లాడతారు. తెలుగు వినబడేది ఇంట్లోనే. ఆ ఇంట్లో తెలుగు పాటంటే చాలాసార్లు భజనో, క్రైస్తవ గీతమో. "ఇవి మాన్పించేస్తే పిల్లలకి తెలుగు కూడా పోతాది" అంటారు తల్లులు. ఈ భయాన్ని తీసిపారేయకూడదు. తెలుగును రాష్ట్ర అధికార భాషల్లో చేర్చడానికి 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. సంతోషం. కానీ మంత్రివర్గ నిర్ణయం పిల్లల నోటికి పాట అందించదు గదా!

కనుక పాటతో నాకు పేచీ లేదు, అందులో దాచి ఇచ్చే సరుకుతోనే పేచీ. వైకుంఠపాళినే తీసుకోండి. నిచ్చెన పుణ్యమట, పాము పాపమట, పైన వైకుంఠమట. మరి గవ్వలు దేన్నిబట్టి పడుతున్నాయి? పాము నోట్లో పడ్డ పిల్ల ఏ తప్పూ చేయలేదు. నిచ్చెనెక్కిన పిల్లవాడు ఏ మంచీ చేయలేదు. యాదృచ్ఛికంగా జరిగినదానికి పాపపుణ్యాల పేర్లు పెట్టడమే ఆ పటం నేర్పుతున్న పాఠం. కర్మ సిద్ధాంతం చేసే పనీ అదే కాదా?

ఈ పాఠం ఆటతో ఆగదు. మా వీధిలో ఒకాయనకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఆయన ఆరేళ్ళ కూతురు నన్నడిగింది: "తాతా, మా నాన్న ఏటి పాపం చేసేడు?" ఆ పిల్లకు ఎవరూ చెడ్డ ఉద్దేశంతో ఇది నేర్పలేదు. ఆడుతూ పాడుతూ నేర్చుకుంది. "పాపం కాదమ్మా, జబ్బు. బీపీ ఎక్కువై వచ్చింది" అన్నాను. తండ్రి మంచాన ఉన్నప్పుడు ఆ పసిది మోయాల్సింది దిగులొక్కటే. నిందను కూడా మోయించింది ఎవరు?

రాజ్యాంగం 28వ అధికరణ పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధను నిషేధించింది. ఇంటి గడప దాటి చట్టం లోపలికి రాదు, రావాలని నేను కోరను కూడా. మన పని ఒప్పించడమే.

ఒప్పించడానికి ఆధారం ఆ ఆటలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇది ఇంగ్లండు చేరింది. క్రమంగా పాపపుణ్యాలు రాలిపోయి, అంకెలు, పాములు, నిచ్చెనలు మిగిలాయి. పిల్లల సరదా ఏమైనా తగ్గిందా? లేదు. ఆనందం ఆటదే, బోధ దాన్ని అరువు తెచ్చుకుంది.

అందుకని పటం అటకెక్కించకండి. పిల్లలతో కూర్చుని ఆడండి. పాము మింగినప్పుడు "నువ్వేం తప్పు చేశావని మింగింది?" అని అడగండి. వాళ్ళే చెబుతారు, గవ్వలు అలా పడ్డాయని. తెలుగు కోసం పొడుపుకథలు వేయండి, చెమ్మచెక్క ఆడించండి, జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి చదివించండి.

మన హేతువాదులకూ ఒక మాట. "దేవుడు లేడు" అని మూడేళ్ళ పిల్లతో పాడించి చప్పట్లు కొట్టేవారు మనలోనూ ఉన్నారు. అది హేతువాదం కాదు, మరో భజన. పిల్లలకు మనం ఇవ్వాల్సింది మన జవాబు కాదు, "ఎందుకు?" అని అడిగే అలవాటు. ఆ అలవాటున్న పిల్ల పెద్దయ్యాక ఏ నిర్ణయానికి వచ్చినా అది ఆ పిల్ల సొంతం.