మార్కుల పట్టికకు గోడ యేల?

1970లో పుట్టిన భారత్ డైనమిక్స్, 1973లో పుట్టిన మిశ్రధాతు నిగమ్ అను రెండు సంస్థలును మన హైదరాబాదు కంచన్‌బాగులో నున్నవి. క్షిపణులకును వాటి లోహములకును కాపు వలయును గనుక అచ్చటి గోడలు ఎత్తుగా నుండుట న్యాయమే. అట్టి గోడను చూపి, ప్రభుత్వ టెండర్ల మదింపును సైతము గుట్టుగా నుంచవలె ననువారితోనే మా వాదము. ఆయుధ రహస్యము వేరు. మార్కుల రహస్యము వేరు.

మేము బడిపంతులము. తప్పిన బాలుడు తన కాగితము చూపుడనిన, పరీక్షకుని శంకింతువా యని గద్దించుట మాకు చెల్లునా? టెండరు దక్కనివాడు మాత్ర మేమి పాపము చేసెను?

2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి, మదింపు కొలతలను టెండరు పత్రముననే తెలుపుమనుచున్నది. తిరస్కారమును ప్రశ్నించుటకు వీలుంచుమనుచున్నది. కారణము తెలియనివాడు దేనిని ప్రశ్నించును? 2021లో ఆర్థికశాఖ, కొన్ని పనులకు ధరతోపాటు నాణ్యతకును నూటికి 30 వరకు మార్కు లొసగవచ్చు ననెను. మంచిదే. కాని ధర అందరికిని కనబడు అంకె. నాణ్యతకు మార్కువేయు చేయి కనబడదు.

కోర్టులు లేవా యందురు. నిర్ణయము జరిగిన తీరునే విచారింతుము గాని, అప్పీలు కోర్టువలె నిర్ణయమును తిరుగ తూచమని 1994లో టాటా సెల్యులార్ కేసున సుప్రీంకోర్టు చెప్పెను. ఆ తీరు తేలులోపల పని నిలిచిపోవును. చిన్న కర్మాగారమువాడు వకీలు ఫీజులకే చితికిపోవును.

కావున ఒప్పందముపై చేవ్రాలు పడకమునుపే, ఓడిన ప్రతివానికిని మార్కుల పట్టికయు కారణములును వ్రాసి పంపవలెను. నిజాయితీగల అధికారికి అది కవచము. దానికి వెరచువాడు ఏల వెరచునో చదువరులే యోచింతురు గాక! ఖర్చగునది మన యిండ్లనుండి పోయిన పన్నుల సొమ్మే కదా.